చప్పుడు చేయని డిస్క్

మంగళవారం సాయంత్రం 4.40కి నాగాయలంక దగ్గర రొయ్యల చెరువులోంచి నరేంద్ర శవాన్ని గట్టుకు లాగారు.

ముప్ఫై నాలుగేళ్లవాడు. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ బాగుచేయడానికి దిగాడు. కరెంటు కొట్టింది. స్విచ్ ఆపకుండా దిగాడని, తాగి ఉన్నాడేమోనని మేనేజర్ జయంత్ చెప్పాడు.

5.20కల్లా ఎస్సై అఫ్రీన్ వచ్చి, గేటు దగ్గర కానిస్టేబుల్‌ని కాపలా పెట్టింది. ఎవరూ బయటికి వెళ్లకూడదంది. చెరువు మీద కెమెరా ఉంది. రికార్డింగ్ మాత్రం లేదు.

"డిస్క్ పోయిందండి. మూడు రోజుల పాటు టకటకమని ఒకటే చప్పుడు చేసింది. ఆదివారం ఆగిపోయింది" అన్నాడు జయంత్.

బుధవారం పొద్దున్నే ఆమె మళ్లీ వచ్చింది. ఒకచోట కూర్చోలేకపోయింది. గట్టు మీద మూడుసార్లు తిరిగింది. టీ చల్లారిపోయింది. అవనిగడ్డ ఆసుపత్రి నుంచి మధ్యాహ్నం శవాన్ని ఇస్తారు. ఆఫీసు వరండాలో నరేంద్ర భార్య అరుణకుమారి తలుపు వంకే చూస్తూ కూర్చుంది. చెరువు యజమాని నరసింహారావు ఇప్పటికే రెండుసార్లు అడిగాడు, ప్రమాదమని రాసేస్తే సరిపోతుంది కదా అని. సరిపోయేదే. కానీ అఫ్రీన్‌కి లోపల ఏదో గుచ్చుకుంటోంది. అదేమిటో అందడం లేదు.

ఆఫీసు గదిలో కెమెరా రికార్డింగ్ పెట్టె మీద ఒక ఫోన్ నంబరు అంటించి ఉంది. గుడివాడలో కంప్యూటర్ షాపు నడిపే మొహసిన్‌ది. కెమెరాలు బిగించింది అతనే. ఫోన్ చేస్తే బస్సెక్కి, 11.40కి దిగాడు.

నాలుగు స్క్రూలు విప్పి మూత తీశాడు. లోపలికి చూసి ఆగిపోయాడు.

"మేడమ్, నేను పెట్టింది ఇది కాదు."

అందరినీ ఆఫీసు గదిలోకి పిలిపించింది అఫ్రీన్. నరసింహారావు, జయంత్, లెక్కలు రాసే దీప్తి. కానిస్టేబుల్ ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు.

మొహసిన్ చేతిలో అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన పల్చటి బిళ్ల ఉంది. అది ఎస్‌ఎస్‌డీ అని చెప్పాడు. కెమెరాలకు తను హార్డ్ డిస్కే పెడతాడట. పగలూ రాత్రీ ఆగకుండా రాస్తూనే ఉండాలి, చోటు బోలెడు కావాలి, ధర తక్కువుండాలి. కంప్యూటర్ త్వరగా తెరుచుకోవాలంటే మాత్రం ఎస్‌ఎస్‌డీ. రెండు నెలల క్రితం ఈ ఆఫీసు కంప్యూటర్‌కి అదే వేశాడు. రెండింటికీ తగిలించే పిన్ను ఒకటే. అందుకే ఇందులోనూ సరిపోయింది.

"దీప్తీ, ఈ రోజు కంప్యూటర్ పనిచేసిందా?"

"లేదండి. పొద్దున్నుంచి తెరుచుకోవడం లేదు. మేత వివరాలు నోట్‌బుక్‌లో రాస్తున్నాను."

అఫ్రీన్ మొహసిన్ వైపు తిరిగింది.

"ఇది పాడైతే టకటకమంటుందా?"

"హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరుగుతుంది మేడమ్, పాడైతే చప్పుడొస్తుంది. దీంట్లో తిరిగేదేమీ లేదు. చచ్చినా చప్పుడు చేయదు."

గుచ్చుకున్నది అదే. నిన్న సాయంత్రమే ఆమె ఆ పెట్టెకు చెవి ఆనించి చూసింది. దానికి కరెంటు ఉన్నా, లోపల పళ్లెం తిరుగుతున్న కదలికే లేదు.

"జయంత్ గారూ, ఆదివారమే పాడైన డిస్క్‌ని తీసి దాచాల్సిన అవసరం ఏమొచ్చింది?"

జయంత్ కిటికీలోంచి గోడౌన్ వైపు చూశాడు.

"అసలుది ఎక్కడుంది?"

"గోడౌన్లో... మేత బస్తాల వెనక. ఏట్లో పారేద్దామనుకున్నాను. గేటు దగ్గర కానిస్టేబుల్ కదల్లేదు."

పంచనామా రాసి డిస్క్ తెచ్చారు. మొహసిన్ తగిలించాడు. తెర మీద బొమ్మ వచ్చింది.

4.21. నరేంద్ర గట్టు మీద ఏరేటర్ల స్విచ్ ఉండే స్టార్టర్ పెట్టె దగ్గరికి వచ్చాడు. స్విచ్ ఆపాడు. మెడలో ఎర్ర తువ్వాలు తీసి పెట్టె మీద వేశాడు. నీళ్లలో మనిషి ఉన్నాడని అక్కడ అందరికీ తెలిసిన గుర్తు. తర్వాత దిగాడు.

4.33. జయంత్ చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని వచ్చాడు. చెరువు వైపు చూడలేదు. తువ్వాలు పక్కకు తోసి, పచ్చ బటన్ నొక్కాడు.



"ఫోన్‌లో ఎవరు?" అంది అఫ్రీన్.

జవాబు నరసింహారావు దగ్గర నుంచి వచ్చింది, చాలా చిన్న గొంతుతో.

"నేనే. ఏరేటర్లు ఎందుకు ఆగాయని అరిచాను. రొయ్య చచ్చిపోతుందన్నాను. వెంటనే వెయ్యమన్నాను."

ఇద్దరూ కక్షతో చేయలేదు. కానీ నరేంద్ర చనిపోయిన పావుగంటలోనే జయంత్ డిస్క్ మార్చాడు, తప్పంతా చచ్చినవాడి మీద వేశాడు. జయంత్‌ని జీపెక్కించమని కానిస్టేబుల్‌కి చెప్పింది అఫ్రీన్. నరసింహారావు వాంగ్మూలం ఇచ్చాకే కదలాలంది.

గుమ్మంలో అరుణకుమారి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"ఆయన స్విచ్ ఆపాడా అమ్మా?"

"ఆపారు. తాగి లేరు. చేయాల్సిందంతా చేసే దిగారు."

"నన్నొకసారి చూడనివ్వండి."

మొహసిన్ వెనక్కి తిప్పాడు. 4.21. నరేంద్ర నడిచి వచ్చాడు. స్విచ్ ఆపాడు. తువ్వాలు ముడత పడకుండా సర్ది మరీ వేశాడు.

"అక్కడ ఆపెయ్యి బాబూ" అంది అరుణకుమారి. కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది.