మిన్నీ బే రేవులో జారిన పడవ

దీవుల్లో సునామీ వచ్చిన రెండో ఏడు. కాసులమ్మ డిటెక్టివ్ భూషణం గదిలోకి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోలేదు. పొద్దున మిన్నీ బే రేవులో ట్రైలర్ మీది పడవ జారి, వెనక నిలబడ్డ పడవవాడు నూకన్నను నలిపేసింది. ఆ ట్రైలర్ బిగించింది ఆమె కొడుకు యుగంధర్. గొలుసు కొక్కెం వదులుగా పెట్టి మనిషిని చంపాడని పోలీసులు వాణ్ణి తీసుకుపోయారు. వాళ్లకు కేసు తొందరగా తేలడమే కావాలి.

"నా కొడుకు పని అలాటిది కాదు సాబ్. వాడు జైలుకెల్తే నాకింకెవులూ లేరు" అందామె.

భూషణం తన సహాయకురాలు రాధికతో రేవుకు వెళ్లాడు. యుగంధర్ ట్రైలర్ మీది పాత చెక్క పలకలు తీసేసి రబ్బరు రోలర్లు వేశాడు. పడవ పక్కకు తొలగకుండా రెండు నిలువు గొట్టాలు, ముందు చేత్తో తిప్పి తాడుతో పడవను పైకి లాగే వించి పెట్టాడు. నలుగురు తోస్తే గాని ఎక్కని పడవ ఇప్పుడు ఒక్కడికే ఎక్కుతుంది. అంత సులువుగానూ జారుతుంది. అందుకే వించి తాడు విప్పాక కూడా, నీళ్లలోకి దించేదాకా పడవ ముక్కును ఒక గొలుసు పట్టి ఉంచుతుంది.

ఆ గొలుసు ఇప్పుడు వించి పిడికి మూడు చుట్లు చుట్టి ఉంది. శవాన్ని తీసినవాళ్లెవరూ అటువైపు పోలేదని కాపలా పోలీసు చెప్పాడు. పడవ అడుగున నీళ్లు పోయే కన్నానికి పెట్టే బిరడా నూకన్న పిడికిట్లో దొరికిందట.

పడవలో నూకన్న పొత్తుదారు అప్పలరాముడు. ఆ సమయానికి తను టీ కొట్టుకు పోయానన్నాడు. డాలీగంజ్‌లో అతని రేకుల ఇంట్లో నేల మీద ఒక్క వస్తువు లేదు. స్టవ్వు, నీళ్ల డబ్బా, ఆఖరికి చెప్పులు కూడా మేకులకు వేలాడుతున్నాయి. సునామీ అలకు అన్నీ పోయాక అలా అలవాటైందని చెప్పాడు. రాధికకు జాలేసింది. భూషణం మాత్రం చెప్పుల వంకే చూశాడు.

సాయంత్రం అందరినీ రేవుకు పిలిపించాడు. ఎస్సై యుగంధర్‌ను వెంటబెట్టుకొచ్చాడు.

"కొక్కెం తనంతట తనే ఊడితే గొలుసు కిందికి వేలాడాలి. చుట్టి ఉందంటే ఎవరో చేత్తో తీశారు. నూకన్నే తీసి ఉంటే పడవ అప్పుడే జారేది, ముందున్న మనిషికి గీత కూడా పడేది కాదు. కానీ అతను వెనక బిరడా పెడుతున్నాడు. ముందు ఇంకొకరున్నారు" అన్నాడు భూషణం. "పడవ జారుతున్నా గొలుసును నేల మీద పడనివ్వని మనిషి."

రాధికకు మేకులకు వేలాడే చెప్పులు గుర్తొచ్చాయి. అప్పలరాముడు తప్పించుకోవాలని చూడలేదు.

"సునామీ యేళ పడవని అల లాక్కుపోనాదనే రెండేళ్లు నమ్మేను సాబ్. ఇయాల బిరడా పెడతా నూకన్న సెప్పేడు, ఆ యేళ కట్టుతాడు తనే ఇప్పేసేనని. నా ఆడది పిల్లనెత్తుకుని జెట్టీ మీద పరిగెత్తుకొస్తంటే సూసేడంట. భయమేసి ఆగలేదంట."

కాసులమ్మ కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకునే ఉంది. అప్పలరాముడి వైపు తిరిగి, పిల్లకెన్నేళ్లని అడిగింది.

"నాలుగు, దీదీ" అన్నాడు అప్పలరాముడు. "పడవలో వాడొక్కడే ఉన్నాడంట."