చెంప మీది మసిచుక్క

పిల్లలూ, మేఘావతి రాజ్యంలో మూడేళ్లపాటు ఏ పండక్కీ ఎవరూ చుట్టాల ఇళ్లకు వెళ్లలేదు. ఊళ్లకూ కొండపల్లెలకూ నడుమ ఉన్న ఇప్పకోన అడవిలో నీడమింగి అనే రక్కసి చేరింది. అది చిన్నపిల్లల నీడలను తింటుంది. నీడ పోయిన బిడ్డ గోడవైపు తిరిగి కూర్చుంటుంది. కన్నతల్లిని కూడా గుర్తుపట్టదు. అప్పటికి తొమ్మిదిమంది పిల్లలు అలా అయిపోయారు. రాజుగారి సైనికులు ఎంత వెతికినా రక్కసి వాళ్లకు కనబడనే లేదు.

కొయ్యబొమ్మలు చెక్కే గౌరన్నకు పైడి అని నాలుగేళ్ల కూతురు ఉంది. తల్లి సీతాలు నిరుడు జ్వరంతో పోయింది. అట్లతద్ది దగ్గరపడగా కొండపల్లె నుంచి అత్తగారి కబురు వచ్చింది: "నా కళ్లకు పొరలు కమ్ముతున్నాయి అల్లుడూ. చూపుండగా ఒక్కసారి మనవరాలి చేతికి గోరింటాకు పెట్టనీ."

రెండు రోజులు ఆలోచించి గౌరన్న కజ్జికాయలు మూటగట్టాడు. పాప చెంపకు మసితో దిష్టిచుక్క పెట్టబోతే, అలవాటు లేని చెయ్యి కావడంతో అది రేగుపండంత అయింది. సరిచేయడం చేతకాక అలాగే భుజానికెత్తుకుని బయలుదేరాడు.

అడవిలో ఎండ తెల్లగా కాస్తోంది. ఒక్క పిట్టా కూయడం లేదు.

"అయ్యా, అమ్మమ్మ ఇల్లు వచ్చేసిందా?"

"ఇంకా లేదమ్మా."

"ఇప్పుడో?"

గౌరన్న ఒక కజ్జికాయ చేతికిచ్చి ఊరుకోబెట్టాడు.

బండరాయి మీద కూర్చున్న ముని ఒకడు వాళ్లను ఆపాడు. "తిండిమూటలో బొగ్గుముక్క వేశావా?"

గౌరన్న మూట తడిమి చూసుకున్నాడు. ఏ ప్రయాణానికైనా, చివరికి సంతకు పోయినా, సీతాలే బొగ్గు వేసేది. ఆమె పని కావడంతో అతనికి తట్టనే లేదు.

"చాదస్తమని జనం అది మానేశాకే ఈ పీడ వచ్చింది," అన్నాడు ముని. "ఆ రక్కసి తీపివాసన పట్టి వెంటబడుతుంది. మసి తగిలితే దాని పట్టు జారిపోతుంది."

"కాస్త బొగ్గు ఇప్పించండి స్వామీ."

"ముప్పై ఏళ్లుగా పచ్చి దుంపలు తింటున్నాను. నా దగ్గర నిప్పెక్కడిది?"

"అయితే మూట పారేస్తాను."

"పాప కడుపులోని కజ్జికాయను ఎక్కడ పారేస్తావు? వెనక్కు వెళ్లినా అంతే దూరం. భుజం మీంచి దించకు. ఆమె నీడ నీ నీడలో కలిసి ఉన్నంతసేపు అది ముట్టలేదు."

ముని పాపకు చల్లని నీళ్లు తాగించి పంపాడు.

కొంతదూరం పోయాక వెనక గడ్డి వంగసాగింది. గాలి లేదు.

"దింపు! నేనే నడుస్తా!" పైడి అయ్య నెత్తిన గుద్దులు కురిపించింది. గౌరన్న దించలేదు. అదృష్టం కొద్దీ ఒక మబ్బు వచ్చి, నీడలే పడకుండా ఒక దిబ్బ దాటేదాకా వాళ్ల మీద నిలిచింది.

ఏటి ఇసుకలోకి దిగేసరికి మళ్లీ ఎండ కాసింది.

"పైడీ! దా తల్లీ, నేనెత్తుకుంటా."

అచ్చం సీతాలు గొంతు. ఏడాదిగా వినని గొంతు. గౌరన్న చేతులు వాటంతటవే వదులయ్యాయి. పాప కిందికి జారింది.

ఆ క్షణమే ఇసుకలోంచి బూడిదరంగు చెయ్యి ఒకటి లేచి పాప నీడ అంచును పట్టుకుంది. "మూట నాది. తిన్న బిడ్డ నీడా నాదే," అంది అదే గొంతుతో.

గౌరన్న నడుముకున్న ఉలి తీసి పొడిచాడు. ఉలి గాలిలో దూరినట్టు దూరింది.

"అయ్యా... మన ఇల్లెక్కడ?" పైడి కళ్లు మసకబారుతున్నాయి. అంతలో మొహం చిట్లించి, "నువ్వు మా అమ్మవి కావు. మూటలో బొగ్గేదని అడగలేదు," అంది.

అరచేత్తో చెంప రుద్దుకుని ఆ మసిని మూటకు పులిమింది. మిగిలింది ఆ బూడిదరంగు చేతికి రాసింది.

పట్టు జారింది. పెద్ద అరుపుతో రక్కసి పగిలిపోయి ఇసుకలో కలిసింది. దాని పొట్టలోంచి తొమ్మిది చిన్న నీడలు కోడిపిల్లల్లా బిలబిలా వెలువడి ఇళ్లవైపు పరుగెత్తాయి. ఆ సాయంత్రం తొమ్మిది ఇళ్లలో పిల్లలు గోడవైపు నుంచి తిరిగి అన్నం అడిగారు.

అత్తగారు మనవరాలి చెంప తడిమి, వేలికంటిన మసిని కళ్లకు దగ్గరగా పెట్టుకు చూసింది. "ఇది చుక్కా, పిడకా అల్లుడూ?"

"ఇది సగమే అత్తా. తక్కిన సగంతో పనిబడింది," అని గౌరన్న ఏడాది తరవాత మొదటిసారి నవ్వాడు.

రాజు దారి తెరిపించి, అడవి మొదట్లో బాటసారుల కోసం బొగ్గుల కుండ పెట్టించాడు. పండగయ్యాక అమ్మమ్మ వాళ్ల తిరుగుప్రయాణానికి అట్లు మూటగడుతుంటే పైడి ఎర్రగా పండిన చేత్తో రెండు బొగ్గుముక్కలు తెచ్చి వేసింది.

"ఒకటి చాలదూ?" అంది అమ్మమ్మ.

"రెండోది అయ్యకి," అంది పైడి.