లచ్చి పరుగు

“ఈ గేదె దగ్గర పటాకులు పేలిస్తే షూటింగ్ ఆపించేస్తాను,” అంది వేదవతి.

“గేదె కాదు మేడం, బర్రె. పేరు లచ్చి,” అన్నాడు మహిపాల్.

“పేరుంటే భయం ఉండదా?”

మహిపాల్ లచ్చి మెడ నిమిరాడు.

కొత్తపేట రైతుబజార్ వెనక సందులో షూటింగ్ జరుగుతోంది. మహిపాల్ అసిస్టెంట్ డైరెక్టర్. ఇదే అతని మొదటి సినిమా. లచ్చి బడంగ్‌పేట్‌లో వాళ్లింటి బర్రె. వేదవతి పశువుల డాక్టర్. సెట్లో జంతువులకు ఏ హానీ జరక్కుండా చూడటం ఆమె పని. పొద్దున రాగానే హీరోగారి గొడుగు తీసుకెళ్లి లచ్చికి పట్టించింది.

డైరెక్టర్ పట్టాభి మహిపాల్‌ను పక్కకు పిలిచాడు.

“పటాకులు పేలకపోతే గేదె పరిగెత్తదయ్యా. గేదె పరిగెత్తకపోతే హీరో ఎందుకు పరిగెత్తుతాడు? ఆవిణ్ణి టీకి తీసుకెళ్లు. మీరొచ్చేలోపు షాట్ కానిచ్చేస్తాం.”

“సార్, అది మా అమ్మ బర్రె.”

“నీకు ఉద్యోగం కావాలా, వద్దా?”

వేదవతి స్కూటీ మీదే ఇద్దరూ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హోటల్‌కు వెళ్లారు. టీ వచ్చింది. మహిపాల్ బిస్కెట్ ముంచి, తీయడం మర్చిపోయాడు.

“పొద్దున మీతో గట్టిగా మాట్లాడాను, ఏమనుకోకండి,” అంది ఆమె. “లచ్చి మీ చెయ్యి నాకుతుంటే చూశాను. మీరు దాన్ని ప్రేమగా చూసుకుంటారు. అందుకే మనం వెళ్లేదాకా షాట్ ఉండదన్న మీ మాట నమ్మి వచ్చాను.”

ఆమె నవ్వింది. ఆ నవ్వు బాగుంది. అదే అతనికి ఇంకా కష్టమైంది.

“మేడం, మిమ్మల్ని కావాలనే ఇక్కడికి తెచ్చిన. అక్కడ పటాకులు పేలుస్తరు.”

ఆమె టీ అలాగే వదిలేసింది. స్కూటీ తాళం తీసుకుని లేచింది.

మహిపాల్ వెనక కూర్చుని పట్టాభికి ఫోన్ మీద ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మెట్రో పిల్లర్ల కింద ట్రాఫిక్‌లో హెల్మెట్ లోపలి నుంచి తిట్లు మొదలయ్యాయి. హారన్ల గోలలో అతనికి సగమే వినపడ్డాయి. ఆ సగమే చాలనుకున్నాడు.

సందులోకి వచ్చేసరికి లచ్చి వెనక పటాకుల దండ పరిచి ఉంది. ఒకతను అగ్గిపుల్ల గీయబోతున్నాడు. మహిపాల్ ఉరికి వెళ్లి దండ మీద నిలబడ్డాడు.

“కాల్చుండ్రి. మొదలు నేను ఉరుకుత.”

“రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు,” అన్నాడు పట్టాభి.

“రాను సార్. బర్రెను మాత్రం ఇంటికి తోల్కపోత.”

వేదవతి అతని వంక చూసింది. కోపం ఇంకా ఉంది, కానీ ఇందాకటంత లేదు.

లచ్చితో పాటు వచ్చి టిఫిన్ల దగ్గరున్న మహిపాల్ తల్లి ఈరమ్మ లొల్లి విని వచ్చింది. “ఏందిరా గిది, నా బర్రెకు పటాకులేంది?” అని కొడుకు వీపు మీద ఒకటి వేసింది.

“అమ్మా, దాణా పెట్టేటప్పుడు లచ్చిని ఎలా పిలుస్తారు?” అని అడిగింది వేదవతి. “సందు చివర బకెట్ పట్టుకుని అలాగే పిలవండి. పటాకుల చప్పుడు తర్వాత కలుపుకుంటారు.”

పట్టాభి విసుగ్గానే సరేనన్నాడు. అడ్డుగా ఉన్న తోపుడుబండ్లన్నీ వేదవతే తీయించింది. హీరోను ముందు నిలబెట్టారు. కెమెరా తిరిగింది. సందు చివర నుంచి “లచ్చీ, రావే” అని ఈరమ్మ కేక వినపడగానే లచ్చి తోక లేపి దౌడు తీసింది. హీరో వెనక్కి చూసి, డైలాగ్ మర్చిపోయి, పక్కనున్న మెట్లెక్కేశాడు. ఆ ముఖంలో భయం నటన కాదు.

పట్టాభి మానిటర్‌లో షాట్ చూసుకుని మురిసిపోయాడు. “రేపు పొద్దున్నే వచ్చెయ్,” అన్నాడు మహిపాల్‌తో, అసలేమీ జరగనట్టు.

లచ్చి దాణా తింటోంది. ఈరమ్మ వేదవతిని పక్కన కూర్చోబెట్టుకుంది.

“లగ్గమైందా బిడ్డా?”

“అమ్మా, నువ్వు జర ఊకో,” అన్నాడు మహిపాల్.

“ఇంకా కాలేదండీ.”

“మావోడు మంచోడే. అబద్ధమాడితే చెవులు ఎర్రగైతయ్. జల్దీ దొరికిపోతడు. సంసారానికి గంతకన్న ఏం గావాలె?”

వేదవతి అతని చెవులు చూసింది.

“ఇప్పుడు అబద్ధమేమీ ఆడలేదు కదా. ఎందుకంత ఎర్రగా ఉన్నాయి?”

“నిజం చెప్పాలన్నా ఎర్రగైతయేమో మేడం,” అన్నాడు మహిపాల్ నేల చూస్తూ. “మీరు నాకు నచ్చిన్రు.”

“మేడం అనడం మానేసి, ముఖం చూసి ఇంకోసారి చెప్పండి.”

ఈరమ్మ బకెట్ అందుకుని, లచ్చిని అవతలి నీడకు తోలుకుపోయింది.