నేనుగారు

శ్రీరామ్మూర్తికి ఆ చెరువు మీద కోపం పోయి చాలా కాలమైంది. మిగిలింది విసుగూ, నడుం నొప్పీను.

మధురవాడ వెనకాల, కొండకీ అపార్ట్‌మెంట్లకీ మధ్య ఇరుక్కున్న చెరువది. పేరుకి చెరువే గానీ అందులో నీళ్లు కంటబడి ఏళ్లయింది. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా గుర్రపుడెక్కే. పచ్చగా, నిగనిగలాడుతూ, మేడమీంచి చూసేవాళ్లకి వరిచేనులా కనిపిస్తుంది. సాయంత్రాలు బాల్కనీల్లో నిలబడి దాన్ని ఫోటోలు తీసుకునేవాళ్లు కూడా ఉన్నారు. తమ స్నానాల నీళ్లూ అంట్ల నీళ్లూ తాగే అదంత ఏపుగా బలిసిందని వాళ్లకెవరూ చెప్పలేదు. చెప్పినా పాపం వాళ్లేం చేస్తారు, స్నానాలు మానేస్తారా?

పోర్టులో క్రేను నడిపి నడిపి మోకాళ్లు అరగ్గొట్టుకున్నాక, ఎవరో కాంట్రాక్టరు దయతలిచి ఇతనికి ఈ పనిచ్చాడు. పడవలాంటి మిషను. ముందు నీళ్లలోకి దిగే కత్తులు, వాటి వెనక కోసిన డెక్కని పైకి లాగే పట్టా. లివరు ముందుకి తోస్తే కత్తులు తిరుగుతాయి. అలా రోజంతా కోస్తే గట్టుమీద కొండంత కుప్ప పడుతుంది. కోసిన చోట నాలుగు రోజులు నల్లటి నీళ్లు కనిపిస్తాయి. ఆ తరవాత మళ్లీ పచ్చబడుతుంది. ఈ పనికి చివరంటూ ఉండదని శ్రీరామ్మూర్తికి మొదటి నెలలోనే అర్థమైపోయింది.

మిషను ఒక్కదానివల్లే అయ్యే పని కాదది. డెక్క వేళ్లు ఒకదాన్నొకటి అల్లుకుని చాపలా పట్టేసి ఉంటాయి. అందుకని అప్పలరాజు ముందు నీళ్లలోకి దిగి, ఆ చాపకి తాడు బిగించి, గట్టెక్కేయాలి. మెడలోతు నీళ్లు, తలని కప్పేసే ఆకులు. లోపల మనిషున్నదీ లేనిదీ పడవమీంచి తెలీదు. అందుకే వాళ్లు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. లివరు ముట్టుకునే ముందు శ్రీరామ్మూర్తి "లోపలెవరు?" అని గట్టిగా అరుస్తాడు. లోపలుంటే అప్పలరాజు "నాను" అంటాడు. ఏ జవాబూ రాకపోతేనే కత్తులు తిరుగుతాయి. తన చేతిమీదుగా ఒక మనిషి ప్రాణం పోకూడదు, సాయంత్రానికి ఇల్లు చేరి ఒళ్లు తోముకుని పడుకోవాలి. శ్రీరామ్మూర్తి కోరుకునేది అంతకుమించి ఏమీ లేదు.

అతని తండ్రి స్టీలుప్లాంటు పనికని పాలకొల్లు వైపు నుంచి వచ్చినవాడు. ఇన్నేళ్లు విశాఖలో ఉన్నా ఆ ఇంట్లో గోదావరి మాట పోలేదు. అందరూ "నాను" అనే చోట ఇతనొక్కడే "నేను" అంటాడు. దాంతో అప్పలరాజు అతనికి "నేనుగారు" అని పేరు పెట్టేశాడు. అప్పలరాజు పెళ్లాం గంగాలమ్మ కూడా, గట్టుమీద డెక్క ఎత్తిపోస్తూ, "మా నేనుగారన్నియ్య" అని ఊరంతా చాటింది. ఇంటి దగ్గర మాత్రం ఆ మాటే అతనికి తాళంచెవి. తలుపు కొట్టగానే లోపల్నుంచి గౌరీశ్వరి "ఎవరు?" అంటుంది. "నేను" అంటే చాలు, గడియ తీస్తుంది.

అప్పలరాజుది ఈ చెరువు కింద పొలం దున్నుకున్న కుటుంబం. టీ తాగుతూ ఎప్పుడూ అదే ఎత్తుకునేవాడు.

"సిన్నప్పుడు ఈ నీల్లే దోసిలితో తాగీవోళ్లం, బావా. కొర్రమేను సేపలు కాళ్ల మజ్జినుంచి పోయీవి. ఇప్పుడు సూడు, కప్ప కూడా బతకనేదు."

"కప్పకి లేని ఖర్మ మనకెందుకొచ్చిందంటావు?"

"మనకి పనుంది గదా," అని నవ్వేవాడు అప్పలరాజు.

మార్గశిరం మొదట్లో ఆ గొంతు మొదలైంది. అప్పలరాజు తాడు కట్టి, గట్టెక్కి, బీడీ కూడా వెలిగించాడు. శ్రీరామ్మూర్తి అలవాటుకొద్దీ "లోపలెవరు?" అన్నాడు.

"నాను."

డెక్క మధ్యలోంచి వచ్చింది. బాగా నానిన గొంతు. అప్పలరాజు బీడీ నోట్లోనే ఆగిపోయింది. గంగాలమ్మ చేతిలో గంప వదిలేసింది. ముగ్గురూ కర్రలతో వెతికారు. ఆకులూ, వేళ్లూ, తేలుతున్న చచ్చిన జెల్ల చేపలూ తప్ప ఏమీ లేవు.

మర్నాడు కూడా పలికింది. ఆ మర్నాడు కూడా. పలికినప్పుడల్లా పని ఆపి వెతకడంతోనే పొద్దు గడిచిపోయేది. సూపర్‌వైజరు ఉదయ్‌కుమార్ ఫోన్లో విసుక్కున్నాడు. "అపార్ట్‌మెంట్ గోడకి తగిలి నీ గొంతే తిరిగొస్తోంది గురువుగారూ. మిషను ఆపితే నాను ఏటి సమాధానం సెప్పాలి పైవోళ్లకి?"

"లోపలెవరు" అని అరిస్తే "లోపలెవరు" అనే తిరిగి రావాలి గానీ "నాను" అని ఎందుకొస్తుందని శ్రీరామ్మూర్తి అడగలేదు. అడిగే ఓపిక లేదు. కట్టుబాటు మార్చేశారంతే. అప్పలరాజు గట్టుమీద కనబడితే చాలు, లోపల ఎవరు పలికినా కత్తులు తిప్పేయడమే. గొంతు పలుకుతూనే ఉండేది. కత్తులు దగ్గరకొస్తే కాస్త పక్కకి జరిగేది. మనిషి దేనికైనా అలవాటు పడతాడు. వాళ్లూ పడ్డారు.

ఆ వేళ పొద్దు కొండ వెనక్కి త్వరగా దిగిపోయింది. అపార్ట్‌మెంట్లలో దీపాలు వెలిగాయి. ఉద్యోగాల నుంచి వచ్చినవాళ్లు కాబోలు, అందరూ ఒక్కసారే స్నానాలకి పోయినట్టున్నారు, వాళ్ల వాడకపు నీళ్లు చెరువులో కలిసే కాలవలోంచి నురగ మొదలైంది. తెల్లగా, మెత్తగా, చప్పుడు లేకుండా డెక్క మీదుగా పాక్కుంటూ వచ్చింది. సబ్బు వాసన, షాంపూ వాసన, వాటి కింద కుళ్లిన మాంసం వాసన. శ్రీరామ్మూర్తి తువ్వాలు ముక్కుకి కట్టుకున్నాడు. ఇంకొక్క చాప లాగేస్తే ఇంటికి పోవచ్చు.

"గంగీ, ముగ్గురికీ టీ పట్రా," అని అప్పలరాజు తాడు పట్టుకుని దిగాడు. గంగాలమ్మ రోడ్డువైపు వెళ్లింది. నురగ అతని వెనక మూసుకుపోయింది.

కాసేపటికి గట్టుమీద మనిషి కనబడ్డాడు. అటు తిరిగి గొంతుక్కూచున్నాడు. తలమీంచి తువ్వాలు. శ్రీరామ్మూర్తి పడవెక్కే ముందు విడిచిన చెప్పుల పక్కనే.

"అయిందా?" అన్నాడు శ్రీరామ్మూర్తి.

మనిషి తలూపాడు.

లివరు మీద చెయ్యి వేశాడు. వద్దనుకుంటూనే, పాత అలవాటు, నోరు దానంతటదే అరిచింది.

"లోపలెవరు?"

"నాను."

మళ్లీ మొదలెట్టింది దరిద్రం, అనుకున్నాడు.

"నాను... బావా... నాను..."

బావా అని ఎప్పుడూ అనలేదది. శ్రీరామ్మూర్తి గట్టువైపు చూశాడు. మనిషి అక్కడే ఉన్నాడు. కదల్లేదు. బీడీ వెలిగించలేదు. గట్టెక్కి బీడీ వెలిగించని అప్పలరాజుని ఇతనెప్పుడూ చూడలేదు.

"ఒరే అప్పలరాజూ... నువ్వేనా అది?"

శ్రీరామ్మూర్తి పడవ అంచు మీంచి గట్టువైపు వంగాడు.

"ఎవరది?"

మనిషి తల తిప్పలేదు. నెమ్మదిగా, స్పష్టంగా, గోదావరి మాటలో అన్నాడు.

"నేను."

శ్రీరామ్మూర్తి చెయ్యి లివరు మీంచి జారిపోయింది. అప్పలరాజు చచ్చినా ఆ మాట అలా అనడు. అంటే... లోపలున్నది అప్పలరాజు. కత్తుల ముందు.

ఇంజను ఆపి నీళ్లలోకి దూకాడు. చల్లగా లేవు నీళ్లు. గోరువెచ్చగా ఉన్నాయి. నురగ నోట్లోకీ ముక్కులోకీ పోయింది. వేళ్లు కాళ్లని పట్టుకున్నాయి. ఏమీ కనబడలేదు.

"అప్పలరాజూ! భయపడకు... నేను!"

గట్టుమీంచి ఎవరో నెమ్మదిగా అన్నారు. "నేను."

"ఎటున్నావురా... నేను వస్తున్నా!"

"నేను వస్తున్నా," అంది గట్టుమీది గొంతు. ఈసారి అచ్చంగా అతని గొంతే. ఇతను అరిచిన కొద్దీ ఇతని గొంతు బొంగురు పోతోంది. అది తేటపడుతోంది.

చేతికి జుట్టు తగిలింది. అప్పలరాజే. తాడు నడుముకి చుట్టుకుని, వేళ్లలో ఇరుక్కుని, ముక్కు ఒక్కటే పైకి పెట్టుకుని ఉన్నాడు. కత్తులు మూరెడు దూరంలో ఉన్నాయి. ఎలా విప్పాడో, ఎలా ఈడ్చుకొచ్చాడో శ్రీరామ్మూర్తికి తెలీదు. ఇద్దరూ గట్టుమీద పడి కక్కుకున్నారు. అప్పలరాజు అతని కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. అప్పలరాజు ఏడవడం అతను చూడటం అదే మొదలు. తనకీ ఏడుపొచ్చింది. మనిషి బతికాడు, చాలు.

గట్టుమీద ఎవరూ లేరు. అతని చెప్పులూ లేవు.

గంగాలమ్మ టీ గ్లాసులతో వచ్చి, మొగుడి అవతారం చూసి లబోదిబోమంది. పైటకొంగుతో అతని ఒళ్లు తుడుస్తూ, శ్రీరామ్మూర్తిని చూసి సగంలో ఆగింది.

"అన్నియ్యా... నువ్విక్కడున్నావేటి?"

శ్రీరామ్మూర్తి నోట్లో నురగ ఉమ్మేసి తలెత్తాడు.

"ఇందాకలే ఎల్లిపోనావు గదా. టీకొట్టు కాడ నన్ను దాటుకునే ఎల్లావు. మా ఆయనేడీ అంటే ఊఁ అన్నేదు, ఆఁ అన్నేదు. తల తడిసిపోయుంది, సానం సేసినట్టు."

"ఎటు?" అన్నాడు. గొంతులోంచి గాలి మాత్రమే వచ్చింది.

"మీ ఇంటి దిక్కే."

జేబులో ఫోను నీళ్లు కారుతోంది. నొక్కితే వెలగలేదు. గౌరీశ్వరి ఒక్కతే ఉంది ఇంట్లో. తలుపు కొడితే "ఎవరు?" అంటుంది. "నేను" అంటే తీసేస్తుంది.

మోకాళ్ల సంగతి మరిచిపోయి పరిగెత్తాడు. ఉత్త కాళ్లు. రోడ్డుమీద బళ్లు, హారన్లు, బజ్జీల బండి, లోకమంతా మామూలుగానే ఉంది. ఎవరో "ఏటి గురూ, అలా పరిగెడతన్నావ్?" అన్నారు. ఆగలేదు. తమ సందులోకి తిరిగాడు. పక్కింట్లో టీవీ సీరియల్ మోగుతోంది. వీధి లైటు కింద, ఇటు నుంచి తమ గుమ్మం దాకా, తడి అడుగులు.

గుమ్మం ముందు అతని చెప్పులు. పక్కపక్కన, ఒద్దికగా, అతను రోజూ విడిచినట్టే. వాటిల్లో నురగ ఇంకా చిట్లుతోంది.

తలుపు మూసి ఉంది. లోపల బాత్‌రూములో చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు. వంటింట్లో పోపు వాసన. దాని వెనకే... సబ్బు వాసన.

తలుపు కొట్టాడు.

"ఎవరు?" అంది గౌరీశ్వరి.

బతికే ఉంది. గొంతు మామూలుగానే ఉంది. ఆ ఒక్క క్షణం అతని ప్రాణం లేచొచ్చింది. నోరు తెరిచాడు. ఒక్క మాట. ముప్పై ఏళ్లుగా అంటున్న మాట.

"నాను."

తనే విన్నాడు. బాగా నానిన గొంతు. గొంతు సవరించుకున్నాడు. నోట్లోంచి గోరువెచ్చటి నీళ్లు గడ్డంమీదకి కారాయి.

"నా... నాను..."

"ఎవరండీ మీరు? ఎవరు కావాలి?" తలుపు దగ్గరకొచ్చిందామె. "ఆయన ఇందాకే వచ్చారు. ఒళ్లు తోముకుంటున్నారు. రేపు పొద్దున్నే చెరువు దగ్గరకెళ్లండి, కనబడతారు."

రెండు చేతులతో తలుపు బాదాడు. లోపల భయపడ్డట్టుంది, పైగడియ కూడా వేసిన చప్పుడైంది.

చెంబు చప్పుడు ఆగింది. తలుపు కిందనుంచి సన్నగా, గోరువెచ్చగా నీళ్లు వచ్చి అతని పాదాలని తడిపాయి. బాత్‌రూములోంచి అతని గొంతే, అలసటగా, గోదావరి మాటలో అడిగింది.

"బయటెవరు?"

వద్దనుకుంటూనే, పాత అలవాటు, నోరు దానంతటదే పలికింది.

"నాను."