నలభై రెండు టిక్కులు

ఆ పొద్దున పైపుల వ్యాపారి చేతిలో ఉన్నవి రెండే: కూతురి పరీక్షకు తొమ్మిది రోజుల గడువు, ఆమె అభ్యాసాల పుస్తకంలో తను పెట్టిన నలభై రెండు టిక్కులు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే సి లాంగ్వేజ్ పరీక్ష ఆమె ఒకసారి తప్పింది. ఇప్పుడూ తప్పితే కాలేజీలో సీటు పోతుంది, ఇక కొట్లో కూర్చోవడమేనని ఆయన ఖాయం చేసేశాడు.

అందుకే రోజూ పొద్దున్నే కూతురి బల్ల దగ్గరికి వచ్చేవాడు. ఆమె కంప్యూటర్‌లో ప్రోగ్రాం నడిపి చూపించేది. తెర మీద జవాబూ, పుస్తకంలో అచ్చయిన జవాబూ ఒకటే అయితే చెవి మీది పెన్సిల్ తీసి టిక్కు పెట్టేవాడు. ఆయనకు తెలిసిన సి అంతే.

"ఎన్నయ్యాయే చిట్టీ?"

"ఇదిగో, నలభై మూడోది."

లెక్క చదవగానే ఆయన మొహం వెలిగింది. ఇరవై అడుగుల పైపును మూడడుగుల ముక్కలు కోస్తే ఎన్ని వస్తాయి, ఎంత మిగులుతుంది? తెర మీద ఆరు ముక్కలు, రెండడుగుల మిగులు.

"ఇది మన కొట్టు లెక్కే! ఏదీ, ఆరడుగుల ముక్కలు కొయ్యమను."

"జవాబు వచ్చిందిగా నాన్నా. టిక్కు పెట్టెయ్."

ఆయన వినలేదు. తనే వంగి అంకెలు నొక్కాడు. ఆరు ముక్కలు, రెండడుగుల మిగులు. ఈసారి వంద అడుగుల పైపు, పదడుగుల ముక్క. మళ్లీ ఆరు, రెండు.

"ఇదేం రంపమే? ఏ పైపు ఇచ్చినా ఆరు ముక్కలే కోస్తోంది!"

చిట్టి నవ్వలేదు. తల దించుకుంది. ఆయనకు మెల్లగా అర్థమైంది.

"పుస్తకంలో జవాబునే తెర మీదికి ఎక్కించావా? నలభై రెండూ ఇంతేనా?"

"మొదటి పదకొండూ నిజంగానే చేశాను."

"మరి మిగతావి? నా కళ్లకే గంతలు కట్టావన్నమాట!"

"పన్నెండోది నాలుగు రోజులు రాలేదు నాన్నా. రోజూ వచ్చి 'ఇంకా పదకొండేనా' అన్నావు. అయిదో రోజు జవాబు చూసి రాసేశాను. నువ్వు శభాష్ అన్నావు." ఆమె తలెత్తి చూసింది. "ఎందుకు రావట్లేదని ఒక్కసారైనా అడిగావా?"

గుమ్మంలో బట్టలు మడతపెడుతున్న తల్లి అందుకుంది. "గజం పైపు కొనేవాణ్ని ఏ గోడకి, ఎంత నీళ్లకి అని పది ప్రశ్నలు వేస్తారు. కూతుర్ని మాత్రం ఒక్కటే. ఎన్ని?"

ఆయన కొట్టుకు వెళ్లిపోయాడు. మధ్యాహ్నం ఓ పొడుగాటి పైపు, రంపం పట్టుకుని తిరిగొచ్చి చిట్టి గదిలో నేల మీద చతికిలబడ్డాడు.

"ఆ పన్నెండోదానిలో నీకు అందనిదేమిటి?"

"ఒకే పని మళ్లీ మళ్లీ చేయించాలి. ఎక్కడ ఆపమని చెప్పాలో తెలియట్లేదు."

"నాకు రాయడం రాదు. కొయ్యడం వచ్చు. చూడు." ముక్క కొలిచి కోశాడు. మళ్లీ కొలిచాడు, కోశాడు. చివరి తుంట దగ్గర రంపం పక్కన పెట్టేశాడు.

"ఎందుకాపావు?"

"మిగిలింది ముక్కకి చాలదు కదే!"

చిట్టి ఆ తుంటను చేతిలోకి తీసుకుని కాసేపు చూసింది. "అంటే ముక్కకి చాలినంత సేపూ కొయ్యి. అంతేనా నాన్నా?" అంటూ నలభై మూడోదాన్ని మళ్లీ రాయడానికి కంప్యూటర్ ముందుకు జరిగింది. రెండుసార్లు తప్పొచ్చింది. ఒకసారి ప్రోగ్రాం ఆగకుండా కోస్తూనే పోయింది. "పైపు తరిగిందని దానికి చెప్పలేదు" అని తనే గొణుక్కుని ప్రోగ్రాంలో ఒక లైను చేర్చింది.

ఇరవై, ఆరు ఇచ్చారు. మూడు ముక్కలు, రెండడుగుల మిగులు. వంద, పది ఇస్తే పది ముక్కలు, మిగులు సున్నా.

ఆయన పుస్తకం తీసి, పన్నెండు నుంచి నలభై రెండు దాకా తను పెట్టిన టిక్కులన్నీ రబ్బరుతో తుడిచేశాడు. నలభై మూడు పక్కన ఒకటి పెట్టాడు.

"తొమ్మిది రోజుల్లో గట్టెక్కుతానా నాన్నా?"

"ఏమో తల్లీ. లేకపోతే మళ్లీ పుస్తకం ముందు కూర్చుందాం. కొట్టు ఎక్కడికీ పోదు." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "రేపట్నుంచి ఎన్ని అని అడగను. ఎక్కడ ఆగావో చెప్పు, చాలు."

పొద్దున నలభై రెండు టిక్కులు. సాయంత్రానికి పన్నెండు. ముప్పై తరిగిన ఆ రోజును ఆయన లాభంలోనే వేసుకున్నాడు.