ఉరఫ్‌కు ముందు పేరు

పొద్దున ఏడు కొట్టకముందే తిరుమల రెండు పొయ్యిల మీద రెండు పనులు పెట్టి, మధ్యలో కాగితాలు సర్దుతోంది. ఒక పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, రెండో దాని మీద చాయ్ మరుగుతోంది. ప్లాస్టిక్ కవరులో అత్తగారి ఆధార్ కార్డు, దాని జిరాక్సులు మూడు, పొలం పాసుబుక్కు, రెండు ఫోటోలు, నిన్న టైపు చేయించుకొచ్చిన స్టాంపు పేపరు. స్టాంపు పేపరును మాత్రం మడత పడకుండా పాత క్యాలెండరు అట్టల మధ్య పెట్టింది. డిగ్రీ చదివి ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచీ కాగితమన్నది ఏదైనా ఆమె చేతి మీదుగానే కదులుతుంది. ఒక్క అక్షరం తప్పు పోయినా ఆమెకు అన్నం సహించదు.

"పదింటికల్ల నోటరీ సారు కోర్టు కాడికొస్తడట. జల్ది తయారు గాండ్రి. నేను మళ్ల దుకాణం తెరవాలె," అన్నాడు ఐలేశ్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. భూపాలపల్లిలో అతనిది మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం. వ్యవసాయం పనులు ముమ్మరంగా ఉన్న రోజులు. గంటసేపు షట్టరు దించినా రైతులు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు.

అత్తగారు అప్పటికే ఆకుపచ్చ చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. మామ సోమనర్సయ్య ఆమె ఫోటో చేతిలోకి తీసుకుని కళ్ళకు దూరంగా పెట్టి చూశాడు.

"ఏందే, గిట్ల జూస్తున్నవు ఫోటోల? ఎవలన్న కోడిని ఎత్కపోయిండ్రా?"

"నీ పక్కన యాభై ఏండ్లు ఉన్నంక మొకం ఇంకెట్లుంటది?" అంది ఆమె.

తిరుమల నవ్వుతూ చాయ్ గ్లాసులు తెచ్చి ఇచ్చింది.

అసలు పని చిన్నదే. టేకుమట్లలో అత్తగారికి తండ్రి పసుపుకుంకుమల కింద ఇచ్చిన అరెకరం ఉంది. దాని పాసుబుక్కులో ఆమె పేరు కట్టమ్మ. ఆధార్‌లో సారమ్మ. రెండూ కలవడం లేదని, పాసుబుక్కుకు ఆధార్ జోడించమని పెట్టిన దరఖాస్తు తిరిగొచ్చింది. రెండు పేర్లూ ఒక్క మనిషివేనని అఫిడవిట్ రాయించి, నోటరీ చేయించుకుని రమ్మన్నారు.

రెండు పేర్ల కథ ఆ ఇంట్లో నవ్వుకునే కథే. కట్టమ్మ కోడలిగా వచ్చేసరికి ఇక్కడ ఆమె అత్తగారి పేరు కూడా కట్టమ్మే. "కోడల్ని తిడితే నన్ను నేనే తిట్టుకున్నట్టు గాదా?" అని ఆ ముసలమ్మ పెళ్ళయిన మర్నాడే పేరు మార్చేసింది. అది మేడారం జాతర జరిగిన ఏడు కాబట్టి, ఆ తల్లి పేరు మీదుగా సారమ్మ అంది. అంతే, ఊరంతా సారమ్మ అంది. తర్వాత వచ్చిన ప్రతి కార్డూ సారమ్మ అనే అంది.

*

కోర్టు పక్క సందులో చిన్న గది. నోటరీ చంద్రమౌళి గారి బల్ల మీద ఒక లావుపాటి రిజిస్టరు, రెండు గుండ్రటి ముద్రలు, ఎర్ర కాగితపు బిళ్ళలు ఉన్నాయి. ఆయన కాగితాలన్నీ తిరగేసి, "మంచిగ పెట్టుకొచ్చిండ్రమ్మా. అందరు గిట్లొస్తే నాకు సగం పని తప్పుతది," అన్నాడు. తిరుమల మనసులోనే పొంగిపోయింది.

"వేలిముద్రనా? అయితే చదివి వినిపించాలె. వినక ముద్ర వేస్తే నేను సీలు కొట్ట," అంటూ ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు.

తిరుమల అత్తగారి బొటనవేలు పట్టుకుని సిరా దిండుకు అద్దింది. ఆయన చదవసాగాడు. "నేను, సారమ్మ ఉరఫ్ కట్టమ్మ, భర్త సోమనర్సయ్య, వయస్సు అరవై ఆరు సంవత్సరాలు... పై రెండు పేర్లు నావేనని, ఇకమీదట అన్ని రికార్డులలో సారమ్మ అనే పేరుతోనే వ్యవహరించబడుదునని..."

"సారూ, జర ఆగుండ్రి. ఉరఫ్ అంటే ఏంది?"

"ముందున్నది అసలు పేరు. ఎనకున్నది ఇంకో పిలుపు."

"అయితే తిరగబడ్డది," అంది ఆమె. సిరా అంటిన వేలిని గుప్పిట్లో మూసేసింది.

ఐలేశ్ బల్ల మీదికి వంగాడు. "తిరగబడుడేంది అవ్వా? ముద్ర ఎయ్యి. ఎనక మంది నిలవడ్డరు."

"నా అసలు పేరు కట్టమ్మ. సారమ్మ మీ నాయినమ్మ పెట్టింది."

"ఎవలు పెడితేంది? యాభై ఏండ్ల సంది పలుకుతనే ఉన్నవు గదా!"

"పలకక నేనేం జేస్త? పదహారేండ్ల పిల్లను. పిలిస్తే పలకకుంటే బువ్వెవలు పెడ్తరు?"

ఐలేశ్ గొంతు తగ్గించాడు, కోపం మాత్రం తగ్గలేదు. "అవ్వా, పాసుబుక్కుల ఒక్క పేరు మార్చుడు అల్కగ అయితది. నువ్వన్నట్టు జెయ్యాలంటే ఆధారు, రేషను, ఓటు, బ్యాంకు, అన్ని మార్చాలె. ఎవలు తిరగాలె? నాకు తీరుబడి ఉన్నదా?"

"ఆ కార్డులన్నిట్ల మీ ఇంటి కోడలున్నది. ఈ ఒక్క బుక్కుల మా నాయిన బిడ్డ ఉన్నది. గదాన్ని గూడ కొట్టేస్తనంటే నాకు భూమొద్దు, ముద్రొద్దు." ఆమె లేచి గడప దాటి బయట అరుగు మీద కూర్చుంది.

ఐలేశ్ భార్య వైపు తిరిగాడు. "నువ్వే గదా రాయించింది. ముందుగాల అడగలేదా?"

తిరుమల టైపు చేయించేటప్పుడు ఇంటి నంబరు రెండుసార్లు సరిచూసింది. ఆధార్ అంకెలు మూడుసార్లు చదివించింది. పద్నాలుగేళ్ళుగా ఆ మనిషి చేతి కూర తింటూ, ఆమె కాళ్ళ నొప్పులకు మందు రాస్తూ, "అత్తమ్మా, నీకే పేరు ఇష్టం?" అని మాత్రం ఒక్కసారీ అడగలేదు. తప్పులేని కాగితమని మురిసిపోయిన కాగితంలో మొదటి పేరే తప్పు.

ఆమె బయటికి వెళ్ళి అత్త పక్కన కూర్చుంది. "అత్తమ్మా, తప్పు నాది. మళ్ల రాయిస్త. కార్డులన్ని నేనే తిరిగి మార్పిస్త. నెల పట్టనీ, ఆర్నెల్లు పట్టనీ."

"నీకెందుకు బిడ్డా అంత కష్టం?"

"నాకు కాగితాల పని కష్టమా?" అని తిరుమల నవ్వబోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె కన్నీళ్ళు చూసి అత్త గుప్పిట విప్పి, సిరా లేని చేత్తో ఆమె చెంప తుడిచింది.

*

ముప్పావు గంటలో కొత్త స్టాంపు పేపరు వచ్చింది. "కట్టమ్మ ఉరఫ్ సారమ్మ" అని చంద్రమౌళి గారు చదివారు. ఆమె ప్రతి మాటకూ తలాడించింది. ఐలేశ్ రైతుల ఫోన్లు కట్ చేస్తూ, తల్లికి నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు.

"ఇగ సాక్షి," అన్నాడు నోటరీ, వాళ్ళ వెంట వచ్చిన సోమనర్సయ్యను చూసి. "పెద్దమనిషీ, ఈమె మీకేమైతది?"

"మా ఇంటామె."

"పేరు?"

సోమనర్సయ్య కండువా సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. కొడుకు వైపు చూశాడు. "మా పిలగాడు చెప్తడు సారూ."

"సంతకం మీది. పేరు మీరే చెప్పాలె."

"గది... మా అవ్వ పేరు సారూ. కన్నతల్లి పేరు పెట్టి పెండ్లాన్ని ఎట్ల పిలుస్త? నోరు రాదు."

తిరుమలకు అప్పుడు తెలిసింది. మామ ఈమెను ఆ పేరుతో ఒక్కనాడూ పిలవలేదు. సారమ్మ అని కూడా పిలవలేదు. ఏమే, ఇగో, ఐలేశవ్వా, అంతే.

అత్తగారు నేల చూపులు చూస్తోంది. సోమనర్సయ్య ఆమె వంక చూశాడు. తర్వాత కండువా భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు, పెద్దల ముందు నిలబడినట్టు.

"కట్టమ్మ," అన్నాడు.

"జర గట్టిగ."

"కట్టమ్మ!" ఈసారి గది దద్దరిల్లింది. "టేకుమట్ల భిక్షపతి బిడ్డ, కట్టమ్మ!"

"ఆఁ, ఏందయ్యా?" అంది ఆమె.

ఇంట్లో పిలిస్తే పలికినట్టే పలికింది. పలికాక ఎక్కడున్నదో గుర్తొచ్చి, సిగ్గుపడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చంద్రమౌళి గారు పెద్దగా నవ్వారు. ఐలేశ్ నవ్వు దాచుకోవడానికి గోడ వైపు తిరిగాడు, తిరిగినవాడు కళ్ళు తుడుచుకున్నాడు.

నోటరీ రిజిస్టరు ముందుకు జరిపాడు. కట్టమ్మ తనే వంగి, తన వేలు తనే సిరాలో అద్ది, తన పేరు కింద గట్టిగా నొక్కింది.