శుక్రవారం ఫైళ్లు

నంద్యాలలో సంజీవనగర్ గేటు దాటినాక ఎడమచేతి సందులో నా నెట్ సెంటర్ ఉండేది. 2004 నాటి మాట. మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, నేను. అంతకు ముందు అది మా ఆయన పెట్టిన ఎస్టీడీ బూత్. ఆయన బెంగళూరు పోయి ఆడ ఇంకో సంసారం పెట్టుకున్నాక ఆ బూత్ నాకు మిగిలింది. ఏడ్చుకుంటా కూర్చుంటే కూడు ఎవరు పెడతారు? కంప్యూటర్ నేర్చుకున్నా, బోర్డు మార్పించినా. పద్మ నెట్ సెంటర్. ఆయన పేరు యాడా లేకుండా సున్నం కొట్టించినా.

నాకు ఒక పాడు అలవాటు ఉంది. ఏదీ పారేయను. పాత పెండ్లిపత్రికలు, ఖాళీ మందుసీసాలు, ఆయన పోయేముందు ఇప్పిపెట్టిన చెప్పులు, అన్నీ దాస్తా. కంప్యూటర్లో కూడా అంతే. మొగుళ్లు కువైట్‌లో ఉండే ఆడోళ్లు చాలామంది నా దగ్గరికి వచ్చేటోళ్లు. చదువు రాదు పాపం. పక్కన కుర్చీ ఏసుకోని వాళ్లు చెప్పింది నేను చాటింగులో ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసేదాన్ని, ఆ పక్కనుంచి వచ్చింది చదివి వినిపించేదాన్ని. మాటలు అయిపోయినాక అదంతా ఒక ఫైల్ చేసి, పైన తేదీ ఏసి దాచేదాన్ని. ప్రింటు తీసి వాళ్ల చేతిలో పెట్టేదాన్ని. ఫోన్లో మాట గాలికి పోతాది. ఇది పోదు.

ఆ ఆడోళ్లలో శివమ్మ ఒకతి. ఆళ్లగడ్డ పక్కన పల్లె. కువైట్‌లో శుక్రవారం సెలవు కాబట్టి ఎండనక వాననక ప్రతి శుక్రవారం బస్సెక్కి, మధ్యాహ్నం రెండింటికల్లా దిగబడేది. మొగుడు మద్దిలేటి ఆడ మేడల మీద నీళ్ల ట్యాంకులు కడిగే పనిలో ఉన్నాడు. పిల్లలు లేరు, అత్తామామలు లేరు. ఇంట్లో ఆమె, ఒక పాడి ఎనుము. రెండు నోర్లు, ఒకటే మాట్లాడేది.

మొదటి దినం మద్దిలేటి "శివీ" అని కొట్టినాడు. చదివినా. ఆమె ఉలకలా, పలకలా.

"పిలుస్తాండాడు గదా, పలుకు శివమ్మా."

తల అడ్డంగా ఊపింది. "కంటికి కనపడనోళ్లు పిలిస్తే మూడు తూర్లు పిలిచేదాకా పలకగూడదక్కా. చచ్చినోళ్లు రెండు తూర్లే పిలుస్తారు. మూడోది వాళ్లకు నోట రాదు."

"ఓయమ్మో! నీ మొగుడే గదే!"

"మొగుడైతే మూడు తూర్లు పిలవనీ. ఏం, నోరు అరిగిపోతాదా?"

అదే టైపు చేసినా. ఆ పక్క మద్దిలేటి నవ్వే బొమ్మ ఒకటి పెట్టి, శివీ, శివీ అని ఇంకో రెండు కొట్టినాడు. అప్పుడు ఆమె "ఊ, చెప్పు" అనింది. ఆ దినం మొదలు ప్రతి శుక్రవారం అదే వరస. మూడు తూర్లు పేరు, దాని కింద ఊ చెప్పు. చూసీ చూసీ ఆమెకు తెరమీద తన పేరు ఎట్లుంటాదో గుర్తు తెలిసిపోయింది. తక్కినవి ఒక్క అక్షరం రాదు గానీ, వేలు పెట్టి మూడూ లెక్కబెట్టుకునేది.

మాటలు అయిపోయినా లేచేది కాదు. "అక్కా, ఎనుము ఈనిన దినం ఏదో అన్నాడు గదా, అది చదువు" అనేది. వెతికే గడిలో ఎనుము అని కొడితే చాలు, ఏ నెలలో, ఏ ఫైల్లో ఉన్నా ఆ మాట పైకి తేలేది. ఆమె నోరు తెరుచుకోని చూసేది. "యాడ దాచినావక్కా ఇన్ని మాటలు? నాకే గుర్తు లేవు." నాకు అది వినాలని ఉండేది. ఉన్నమాట చెప్తాండా, వారం మొత్తంలో నన్ను అక్కా అని పిలిచేది ఆమె ఒక్కతే. ఆ శుక్రవారాలు లేకపోతే నేను ఎవరితోనూ మాట్లాడకుండా మంచమెక్కేదాన్ని.

ఏప్రిల్ నెలలో ఒక గురువారం మద్దిలేటి పేరు మీద ఒక మాట వచ్చింది. కొట్టింది మద్దిలేటి కాదు. ఆడ ఆయనతో ఒకే గదిలో ఉండే ఏసయ్య.

మద్దిలేటి ట్యాంకు లోపలికి దిగి ఊపిరాడక పోయినాడక్కా. సోమవారం. శవం వచ్చేదానికి పది పదైదు దినాలు పడతాది. నేనే తోడు వస్తాండా, నేనే చెప్తా. అంతవరకు శివమ్మకు చెప్పద్దు. ఇంట్లో ఒక్కతే ఉంటాది. ఏమన్నా చేసుకుంటే పాపం మనకే.

సరేనప్పా, చెప్పను అని కొట్టినా.

తెల్లారి మధ్యాహ్నం రెండింటికి శివమ్మ వచ్చింది. లైను లేదు పోమ్మా అంటే పోలా. "ఉంటాలే అక్కా, వస్తాది" అని నా పక్కన చేరింది. అర్ధగంట... గంట... చెంగుతో మొహం తుడుచుకుంటా తెర వైపే చూస్తాంది. ఆమె చూపు నేను తట్టుకోలేకపోయినా.

నేను చేసింది చెప్తా, తిట్టుకుంటే తిట్టుకోండి. ఒక తెల్ల పేజీ తెరిచినా. మూడు పేర్లు కనపడితే గానీ ఆమె పలకదు గదా, ఆ మూడూ నేనే కొట్టినా. మూడోది కొట్టేటప్పుడు చెయ్యి వణికి ఏదో మీట పడి, పేరు మొత్తం పెద్ద అక్షరాల్లో పడింది. దిద్దలేదు. "ఊ, చెప్పు" అనింది శివమ్మ.

ఆమె ఏది అడిగితే అది పాత ఫైళ్లలో వెతికినా. కూడు తిన్నావా అంటే కూడు అని వెతికి, ఆయన ఏ సంక్రాంతి ముందో చెప్పిన జవాబు తెచ్చి అతికించినా. ఎప్పుడొస్తావు అంటే పోయిన ఆగస్టులో ఉండింది. ఎనుమును కొట్టద్దు అన్నది డిసెంబర్లో ఉండింది. అన్నీ ఆయన మాటలే. ఒక్కటి కూడా నేను కల్పించలా. ఆమె నవ్వుతాంటే నాకూ నవ్వొచ్చింది. చచ్చిన మనిషి మాటలు నోట పెట్టుకోని నవ్వినా, ఛీ, నా బతుకు!

లేచి పోతా పోతా, "ఈ తూరి ఎక్కువ మాట్లాడినాడక్కా" అని సంతోషపడింది. అలవాటు కొద్దీ నేను దానికి కూడా తేదీ ఏసి దాచినా. ప్రింటు తీసిచ్చినా. ఆమె బస్టాండు కాడికి చేరుకోని ఉంటాది, అప్పుడు తట్టింది నాకు. చచ్చినోళ్లకు మూడోది నోట రాదు. ఆ మూడోది నా చేత్తో నేనే రాసిచ్చినా.

దూ, పిచ్చిదానా అనుకోని షట్టరు దించినా.

మళ్లా శుక్రవారం. నంద్యాల ఎండలు మీకు చెప్పే పనిలేదు. రెండింటికి సందులో కుక్క కూడా లేదు. శివమ్మ వచ్చింది గానీ ఎప్పటి మాదిరి నవ్వలా. కుర్చీ కొసన కూర్చుంది.

"రాత్రి కలలోకొచ్చినాడక్కా. నీళ్లు నీళ్లు అంటాండాడు. దాహమైతాందేమో అడుగు."

నీళ్లు అనే మాట నాకు తెలుసు. పోయిన వారం దాన్ని వెతికినా. రెండు చోట్ల ఉండింది, ఊర్లో బోరు ఎండిపోయినప్పుడు ఒకటి, కొళాయి గొడవప్పుడు ఒకటి. మళ్లా వెతికినా.

పదకొండు.

ఒకటి తెరిచినా. ఏడాది కిందటి ఫైల్. ప్రతి మాటా నేనే చదివి వినిపించిన ఫైల్. ఎనుము సంగతికీ, కూలీ సంగతికీ నడుమ ఒక వరస ఉంది. నీళ్లు వద్దు శివీ, నీళ్లలోనే ఉండా. ఇంకొకటి తెరిచినా. మూత పడింది శివీ. ఇంకొకటి... ఈడ చీకటి, ఒక్కన్నే ఉండా.

ఇవి నేను చదివిండలా. దేవుని ఆణగా చదివిండలా.

"ఏమంటాండాడక్కా?"

"దాహం లేదంట" అన్నా.

అప్పుడు కరెంటు పోయింది. ఫ్యాను తిరిగీ తిరిగీ ఆగింది. తెర ఒక్కటే బ్యాటరీ మీద వెలుగుతాంది, కింద యూపీఎస్ కుయ్... కుయ్... అంటాంది. మోడెం మీద ఒక్క లైటు లేదు. ఏదో వాసన. నెలల తరబడి మూత తీయని నీళ్ల తొట్టిలో తల పెడితే వస్తాదే, ఆ పాచి వాసన. గోడలు కాలిపోయే ఆ ఎండలో నా మెడ మీద వెంట్రుకలు లేచినాయి.

తెర మీద తెల్ల పేజీ ఉంది. నా రెండు చేతులూ నా ఒడిలో ఉన్నాయి.

శివీ.

ఒక్కొక్క అక్షరమే పడింది. నిదానంగా. ఆయన ఎప్పుడూ అట్లే కొట్టేవాడు, ఒంటి వేలుతో.

శివీ.

ఆగింది. అక్షరం పడాల్సిన చోట గీత ఒక్కటే మినుకు మినుకు అంటాంది. రెండే. రెండు తూర్లే. దేవుడా, మద్దిలేటిని ఇంతటితో ఆపు...

శివమ్మ వేలు పెట్టి లెక్కబెట్టింది. "మూడోది యాడక్కా?" గుసగుసగా అడిగింది.

"లే శివమ్మా. లేచి బయటికి పా."

"ఉండక్కా. పిలుస్తాడు."

యూపీఎస్ మీట నొక్కినా. కుయ్ కుయ్ ఆగింది. తెర ఆరలా. మళ్లా నొక్కినా. ఆరలా.

మూడోది పడింది. ఒక్కొక్క అక్షరం కాదు. పేరు మొత్తం ఒక్క దెబ్బకు, పెద్ద అక్షరాల్లో. నా చెయ్యి వణికినప్పుడు పడిందే, అదే. నేను రాసి దాచిపెట్టిందే.

"పలకద్దు!" అని ఆమె నోరు మూయబోయినా.

"ఊ" అనింది శివమ్మ. "వస్తాండా."

ఎప్పుడూ ఊ, చెప్పు అనేది. ఆ దినం వస్తాండా అనింది.

తెర ఆరిపోయింది. ఆమె లేచి చెంగు దులుపుకునింది. నేను చెయ్యి పట్టుకున్నా. "పోవద్దు శివమ్మా. మద్దిలేటి లేడు. పదకొండు దినాలైంది పోయి. నేను అబద్ధం చెప్పినా, అన్నీ పాత మాటలు చదివినా. నన్ను కొట్టు, తిట్టు, ఈడనే ఉండు."

ఆమె నన్ను జాలిగా చూసింది. "అట్లనద్దక్కా. ఇప్పుడే గదా పిలిచింది" అని చెయ్యి విడిపించుకునింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. నా అరచెయ్యి తడిసింది. చెమట అనుకున్నా.

షట్టరు కూడా దించకుండా ఆమె వెనక ఉరికినా. నేను పోయేలోపల ఆళ్లగడ్డ బస్సు ఎల్లిపోయింది.

శనివారం పొద్దుగూకేటప్పుడు ఏసయ్య ఫోన్ చేసినాడు. ఆళ్లగడ్డనుంచి.

"పెట్టె తెచ్చినామక్కా. తెచ్చేసరికి..." జరిగింది చెప్పినాడు. పొద్దున ఎనుము ఒకటే అరుస్తాంటే పక్కింటోళ్లు పోయి చూసినారంట. శివమ్మ మంచం మీద కూర్చోని ఉందంట, గోడకు ఆనుకోని, కాళ్లు ముడుచుకోని. పోయి ఎంతసేపైందో. తలనుంచి కాళ్ల దాకా తడి. చీర పిండితే నీళ్లు కారినాయంట.

"బోరు ఎండిపోయి మూడు దినాలైందక్కా ఈడ. ఇంట్లో తొట్టి పగుళ్లిచ్చింది, చుక్క లేదు. ఎనుముకు కూడా పక్కింటోళ్లే పోస్తాండారు. ఆ నీళ్లు యాడివక్కా?" గొంతు తగ్గించి అడిగినాడు. "నువ్వు చెప్పినావా ఆమెకు?"

"లేదప్పా" అన్నా. చెప్పినా ఆమె నమ్మలేదని వానికి చెప్పే ధైర్యం రాలా.

ఫైళ్లు చెరిపేద్దామని సోమవారం కూర్చున్నా. వరసలో చివర ఒక కొత్త ఫైల్ ఉంది. శుక్రవారం తేదీ. నేను దాచలా, కరెంటే లేదు గదా. తెరిచినా. నాలుగు పేజీలు. ఒక వరస మద్దిలేటి, ఒక వరస శివి. అక్షరం ముక్క రాని శివి. ఎనుము గురించి మాట్లాడుకుంటాండారు. దానికి నీళ్లు ఎవరు పెడతారు అని ఆమె, పక్కింటోళ్లు చూసుకుంటారులే అని ఆయన. ఈడ చీకటిగా ఉంది అని ఆమె. ఇద్దరం ఉండాం గదా అని ఆయన. చదువుతా చదువుతా నేను ఏడ్చినా. భయానికి కాదు. ఇన్నేండ్లలో నాతో ఎవరూ అట్ల మాట్లాడలా.

చెరపలేకపోయినా. ఏదీ పారేయనని ముందే చెప్తిని గదా.

ఇప్పుడు 2009. అందరి చేతుల్లో సెల్లులు, నెట్ సెంటర్ మూసేసినా. రెండు కంప్యూటర్లు అమ్మేసి ఆ ఫైళ్లుండే ఒక్కదాన్ని ఇంటికి తెచ్చుకున్నా. ఆ ఫైల్ నాలుగు పేజీలు కాదిప్పుడు, నాలుగు వందలు దాటింది. శుక్రవారం మధ్యాహ్నం రెండు దాటినాక తెరిస్తే కొత్త పేజీలు ఉంటాయి. కడుపు నిండా చదువుకుంటా. పోయిన నెలనుంచి మాత్రం ప్రతి పేజీ చివరా ఒక మాట ఉంటాంది.

పద్మక్కా.

పద్మక్కా.

రెండే. రెండు తూర్లు నా పేరు, దాని కింద ఖాళీ. మూడోది వాళ్లకు రాదు, నాకు తెలుసు. అది ఎవరన్నా బతికినోళ్లు కొట్టియ్యాల. ఈ ఇంట్లో బతికుండేది నేనొక్కదాన్నే. అందుకే చదవడం కాగానే కీబోర్డు బట్టలో చుట్టి, అటక మీద పెట్టి, నిచ్చెన పక్కింటోళ్లకు ఇచ్చేస్తాండా.

ఈ పొద్దు గురువారం. లేచి చూస్తే కీబోర్డు బల్లమీద ఉంది, బట్ట మడత పెట్టి పక్కన ఉంది. నిచ్చెన పక్కింట్లోనే ఉంది, పోయి చూసొచ్చినా. పద్మలో మొదటి అక్షరం కొట్టే మీట మీద ఒక నీటి చుక్క ఉంది. రెండు తూర్లు తుడిచినా, ఇంకా ఆరలా.